క్రూజ్‌కి ఏం బట్టలు సర్దుకోవాలి? టెన్షనంతా డిన్నర్ గురించి, తిప్పలన్నీ గాలితో

మొదటిసారి క్రూజ్ బుక్ చేసుకున్నవాళ్ళని ఎవర్ని కదిపినా ముందు అడిగేది ఒకటే, "అక్కడ సూటు వేసుకోవాలంట కదా, నిజమేనా?" అని. టికెట్ చేతికొచ్చిన రోజు నుంచి ఓడ ఎక్కే రోజు దాకా ఇదే గోల. నేనూ అంతే, నల్ల సూటు, దానికి సరిపోయే బూట్లు, ఒకటి సరిపోదేమో అని రెండు టైలు, అన్నీ భద్రంగా కవర్లో పెట్టుకుని మోసుకెళ్ళా. వారం మొత్తంలో ఆ సూటు నా ఒంటి మీదున్నది మూడు గంటలు. గాలికి ఆగే పల్చటి జాకెట్ ఒక్కటి పెట్టుకోలేదే అని మాత్రం రోజూ సాయంత్రం నన్ను నేనే తిట్టుకున్నా.

అసలు ఈ గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, "క్రూజ్ డ్రెస్ కోడ్ ఏంటి" అని మనం అన్నీ కలిపి ఒకే ప్రశ్న అడుగుతాం. అక్కడ ఉన్నవి నాలుగు వేరు వేరు సంగతులు. పైన డెక్ మీద ఎండా గాలీ, లోపల ఏసీ చలి, రాత్రి డైనింగ్ హాలు, ఓడ దిగాక ఆ ఊరి రూల్స్. ఈ నాలుగిట్లో కంపెనీ వాళ్ళు గట్టిగా పట్టించుకునేది డిన్నర్ ఒక్కటే, మిగతా మూడూ మన తలనొప్పే. మనం మాత్రం సూట్‌కేసులో సగం ఆ ఒక్కదానికే ఇచ్చేస్తాం.

సరే, అందరికీ భయం డిన్నర్ కాబట్టి ముందు దాని సంగతే తేల్చేద్దాం.

ఈ ఫార్మల్ నైట్, అంటే అందరూ ముస్తాబై డిన్నర్‌కి వచ్చే రాత్రి, పాత ఓషన్ లైనర్ల నుంచి వచ్చింది. విమానాలు లేని రోజుల్లో అట్లాంటిక్ దాటాలంటే ఓడే దిక్కు, అందులో ఫస్ట్ క్లాస్ వాళ్ళు రాత్రి భోజనానికి ముస్తాబై రావడం మామూలే, 1912లో మునిగిన టైటానిక్ మీదా అదే పద్ధతి. 1958లో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక ఆ లైనర్ల పని అయిపోయింది. ఓడ అంటే ఇక ఎక్కడికో చేరడానికి కాదు, ఊరికే తిరిగి రావడానికి అనే వ్యాపారం పుట్టింది, 1968లో రాయల్ కరీబియన్, 1972లో కార్నివాల్ కంపెనీలు అలా వచ్చినవే. క్లాసుల తేడా చాలావరకు పోయింది కానీ ముస్తాబై భోజనానికి కూర్చునే తంతు మాత్రం మిగిలిపోయింది. 2000లో నార్వేజియన్ క్రూజ్ లైన్ "ఫ్రీస్టైల్" అని మొదలుపెట్టి, ఫిక్స్‌డ్ టైమూ వద్దు, ఫార్మల్ బట్టలూ వద్దు, మీ ఇష్టం అనేసింది. అప్పట్నుంచి మిగతావాళ్ళు కూడా మెల్లగా పట్టు సడలిస్తూ వస్తున్నారు.

అందుకే ఇప్పుడు అన్ని ఓడలకీ కలిపి ఒక్క జవాబు చెప్పడం కుదరదు. ఒక చివర క్యూనార్డ్ ఉంటుంది, క్వీన్ మేరీ 2 ఓడ వాళ్ళదే, సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి 7 రాత్రులు. అందులో మామూలుగా 2 గాలా ఈవెనింగ్స్, ఆ రాత్రులు మగవాళ్ళు టక్సీడో (బో టైతో వేసుకునే సూటు) గానీ ముదురు రంగు సూటు గానీ వేసుకోవాలి, ఆడవాళ్ళకి గౌనో కాక్‌టెయిల్ డ్రెస్సో, లేదంటే ఎవరి దేశపు సంప్రదాయ దుస్తులు వాళ్ళు వేసుకున్నా ఓకే. అవేవీ వద్దనుకుంటే ఆ రాత్రి బఫే, పబ్ లాంటి కొన్ని చోట్లకే పరిమితం అవ్వాలి. ఇంకో చివర వర్జిన్ వాయేజెస్, అక్కడ ఫార్మల్ అన్న మాటే లేదు, కాకపోతే స్కార్లెట్ నైట్ అని ఒక రాత్రి ఓడంతా ఎర్ర బట్టల్లో ఉంటుంది, మీ దగ్గర ఎరుపు లేకపోతే మీరొక్కరే తేడాగా కనిపిస్తారు తప్ప ఎవరూ ఏమీ అనరు. మధ్యలో కార్నివాల్, వాళ్ళు దీన్ని "క్రూజ్ ఎలిగెంట్" అంటారు, 2 నుంచి 5 రోజుల ట్రిప్పుల్లో 1 రాత్రి, 6 రోజులు ఆ పైన అయితే 2 రాత్రులు. సెలబ్రిటీ అనే కంపెనీ వాళ్ళు ఫార్మల్ అనే పేరు తీసేసి "ఈవెనింగ్ షిక్" అని పెట్టారు. వైకింగ్ కంపెనీ సముద్రపు ఓడల్లో అసలు ఫార్మల్ నైటే లేదు.

పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు. క్యూనార్డ్ లాంటివి వదిలేస్తే, చాలా ఓడల్లో ఎలిగెంట్ అన్నా షిక్ అన్నా ఇంకేదన్నా మగవాళ్ళకి కాలర్ ఉన్న ఫుల్ చేతుల షర్టు, ముదురు రంగు ప్యాంటు, మూసి ఉన్న బూట్లు, కావాలంటే పైన ఒక బ్లేజర్, ఇంతటితో పని జరిగిపోతుంది. ఆడవాళ్ళకి మోకాళ్ళ కిందకి వచ్చే ఒక మంచి డ్రెస్ చాలు. మామూలు రాత్రుల్లో ఉండే స్మార్ట్ క్యాజువల్ ఇంకా తేలిక, ఏం వేసుకోవాలి అన్నదానికంటే ఏం వేసుకోకూడదు అనేదే అక్కడ అసలు రూలు. స్విమ్ సూట్, టోపీ, మగవాళ్ళ చేతుల్లేని బనియన్లు, జిమ్ షార్ట్స్, బాత్రూమ్ చెప్పులు, ఇవి వేసుకొచ్చిన వాళ్ళనే గుమ్మం దగ్గర ఆపుతారు.

ఇంకో మాట, దాదాపు అన్ని ఓడల్లోనూ ఫార్మల్ నైట్ రోజు కూడా బఫే తెరిచే ఉంటుంది. ముస్తాబవ్వడం ఇష్టం లేనివాళ్ళు మామూలు టీషర్టులో వెళ్ళి ప్రశాంతంగా తినేసి పడుకోవచ్చు, ఆ ఒక్క పూట మెయిన్ డైనింగ్ హాలు మిస్ అవుతారంతే. పిల్లలకైతే ఇంకా ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ రాత్రి ఓడలో నడిచి చూస్తే ఒకటి అర్థమవుతుంది, మెట్ల దగ్గర, అట్రియం అనే మధ్య హాల్లో, ఎక్కడ చూసినా ఫోటోగ్రాఫర్లు వెనక తెర కట్టి లైట్లు పెట్టుకుని నిలబడి ఉంటారు. ఆ ఫోటోలు అమ్ముకోవడం కంపెనీకి ఒక ఆదాయం. ఫార్మల్ నైట్ ఇంకా బతికుందంటే సంప్రదాయం వాటా ఎంతో ఆ కెమెరాల వాటా కూడా అంతే అని నా అనుమానం.

ఫార్మల్ నైట్ ఎక్కువగా సీ డే నాడే పెడతారు, అంటే ఓడ ఏ పోర్టులోనూ ఆగకుండా సముద్రంలో ఉండే రోజు. పోర్టు రోజుల్లో జనం ఊరంతా తిరిగి కాళ్ళీడ్చుకుంటూ వస్తారు కాబట్టి ముస్తాబయ్యే ఓపిక ఎవరికీ ఉండదు. మొదటి రాత్రి మాత్రం మామూలుగా క్యాజువలే, దానికి కారణం సూట్‌కేసు, ఆ కథ చివర్లో చెప్తా.

ఇప్పుడు అసలు విషయానికి, గాలి. ఓడ 20 నాట్ల వేగంతో పోతోందనుకోండి, అంటే గంటకి 37 కిలోమీటర్లు. బయట ఆకు కూడా కదలనంత నిశ్చలంగా ఉన్నా సరే, డెక్ మీద నిలబడితే మీ మొహానికి గంటకి 37 కిలోమీటర్ల గాలి కొడుతున్నట్టే, ఎదురుగాలి కూడా తోడైతే అది ఇంకా పెరుగుతుంది. అదే గాలి వెనక నుంచి ఓడ వేగంతోనే వస్తుంటే డెక్ మీద అసలు గాలే లేనట్టు ఉక్కపోతగా ఉంటుంది, అదొక వింత. 10 డిగ్రీల చలిలో ఆ 37 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి దాదాపు 6 డిగ్రీల్లా ఉంటుంది, 5 డిగ్రీలైతే సున్నా కిందకి దిగినట్టే. అందుకే ఫోన్లో ఆ ఊరి వెదర్ చూసి బట్టలు సర్దుకున్నవాళ్ళు డెక్ మీద వణుకుతారు, ఫోన్ చూపించేది ఒడ్డు మీది సంగతి కదా.

దీనికి మందపాటి స్వెటర్ పనికిరాదు, అల్లిక సందుల్లోంచి గాలి నేరుగా లోపలికి వచ్చేస్తుంది. గాలికి ఆగే పల్చటి జాకెట్, మడిస్తే చేతిలో పట్టేది ఒక్కటి చాలు, కింద ఒట్టి టీషర్టున్నా సరే. గాలిలో ఎగిరే వదులు స్కర్టులు, గొడుగు లాంటి గౌన్లు ఫోటోల్లో బావుంటాయి కానీ పై డెక్ మీద రెండు చేతులతో గౌను పట్టుకోవడమే సరిపోతుంది, ఇక ఫోటో ఎవరు తీస్తారు. వెడల్పు అంచు టోపీకి గడ్డం కింద తాడు లేకపోతే దాన్ని సముద్రానికి ఇచ్చేసినట్టే. ఇంకో చిన్న సంగతి, రెయిలింగ్ మీద కంటికి కనపడని ఉప్పు తేమ ఎప్పుడూ పట్టి ఉంటుంది. నా నల్ల సూటుతో ఫార్మల్ నైట్ రోజు సూర్యాస్తమయం చూద్దామని ఆ రెయిలింగ్‌కి ఆనుకుని నిలబడ్డా, లోపలికొచ్చి అద్దంలో చూసుకుంటే పొట్ట మీద అడ్డంగా తెల్లటి ఉప్పు గీత, స్కేలు పెట్టి గీసినట్టు. ఆ మూడు గంటల వైభవంలో అరగంట తడి గుడ్డతో దాన్ని తుడవడానికే పోయింది.

లోపలికి వస్తే పరిస్థితి వేరే. థియేటర్లు, డైనింగ్ హాళ్ళు కరీబియన్ లాంటి మండే ఎండల్లో తిరిగే ఓడల్లో కూడా గట్టి ఏసీతో ఉంటాయి, పూల్ దగ్గర చెమటలు కక్కి తడి జుట్టుతో షోకి వెళ్ళి కూర్చుంటే పది నిమిషాల్లో పళ్ళు కొట్టుకుంటాయి. ఒక శాలువానో కార్డిగనో బ్యాగులో పడేసుకుంటే చాలు, దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

పూల్ బట్టలు రెండు జతలు పెట్టుకోండి, ఒక్క జతే ఉంటే క్యాబిన్ బాత్రూమ్‌లో అది ఆరదు, మర్నాడు తడిదే ఎక్కించుకోవాలి, అంతకంటే చిరాకు ఇంకోటి లేదు. స్విమ్ సూట్‌తో బఫేలోకి కూడా రానివ్వరు, పైన ఒక షర్టో కవరప్పో, కాళ్ళకి చెప్పులు ఉండాలి. ఎండ సంగతికొస్తే, నీళ్ళలో ఎక్కువసేపు ఉండేవాళ్ళకి ఫుల్ చేతుల రాష్ గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) చాలా మేలు. యూపీఎఫ్ 50 అని రాసి ఉంటే అతినీలలోహిత కిరణాల్లో 50వ వంతు, అంటే 2 శాతం మాత్రమే బట్ట దాటి లోపలికి వస్తాయి, రెండు గంటలకోసారి వీపుకి క్రీము రాయించుకునే బాధ తప్పుతుంది.

చెప్పుల దగ్గర చాలామంది దెబ్బ తింటారు. ఓడ అంటే కదిలే నేల, ఊపు తగ్గించే స్టెబిలైజర్లు ఉన్నా సముద్రం కాస్త పొంగితే కాళ్ళ కింద మెల్లగా ఊగుతూనే ఉంటుంది, అందులో సూది మొన హీల్స్‌తో మెట్లు దిగడం సర్కస్ ఫీటే. కావాల్సివస్తే వెడల్పు మడమ ఉన్నవి పెట్టుకోవడం మేలు. కొన్ని పోర్టుల్లో ఓడ ఒడ్డుకి రాలేదు, నడి నీళ్ళలో లంగరేసి టెండర్ అనే చిన్న బోట్లలో జనాన్ని దింపుతారు, గ్రాండ్ కేమన్ దీవిలో అలాగే. ఊగే బోటులోంచి తడి మెట్టు మీదకి అడుగు వేసేటప్పుడు మడమకి పట్టీ లేని చెప్పులైతే ఒకటి నీళ్ళలో, ఒకటి కాలికి. నా లెక్కలో మూడు జతలు చాలు, పట్టు ఉన్న నడక బూట్లు, తడిసినా పర్లేని సాండిల్స్, రాత్రికి ఒక మంచి జత. వీటిలో నడక బూట్లు కొత్తవి మాత్రం వద్దు, ఓడ ఎక్కే ముందు కొన్న బూట్లు రెండో పోర్టుకే బొబ్బలెక్కిస్తాయి.

ఓడ దిగాక రూల్స్ కంపెనీవి కాదు, ఆ దేశానివి. ఇక్కడ సరదా కాదు, కేసే అవ్వొచ్చు. బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియా, ట్రినిడాడ్ లాంటి కరీబియన్ దీవుల్లో మామూలు జనం మిలిటరీ మచ్చల డిజైన్ బట్టలు వేసుకోవడం నేరం. బార్బడోస్‌లో పిల్లలకి కూడా మినహాయింపు లేదు. అంటే చిన్నోడి మచ్చల నిక్కరు కూడా ఇంట్లో వదిలెయ్యాల్సిందే, చాలామందికి ఈ సంగతి తెలీదు, ఎందుకంటే అలాంటి నిక్కర్లు ప్రపంచమంతా అమ్ముతారు. బార్సిలోనాలో బీచ్ దాటి వీధుల్లో స్విమ్ సూట్‌తోనో చొక్కా లేకుండానో తిరగడాన్ని 2011లోనే నిషేధించారు, ఫైన్ వేస్తారు.

గుళ్ళూ చర్చిలూ మసీదుల దగ్గర లెక్క సింపుల్, భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలి. రోమ్ చూడాలంటే ఓడ సివితావెక్కియా అనే పోర్టులో ఆగుతుంది, అక్కడ్నుంచి రోమ్‌కి 70 కిలోమీటర్ల పైనే, అంత దూరం బస్సులో వెళ్ళి, సెయింట్ పీటర్స్ బసిలికా ముందు గంటసేపు ఎండలో క్యూలో నిలబడి, చివరికి షార్ట్స్ వేసుకున్నావని గుమ్మంలోంచి వెనక్కి పంపితే ఎలా ఉంటుంది, ఓడకి వెళ్ళి మార్చుకుని రావడానికి అదేమన్నా పక్క వీధా. ఇస్తాంబుల్‌లో బ్లూ మాస్క్ అనే మసీదులో ఆడవాళ్ళు తల కూడా కప్పుకోవాలి, చెప్పులు బయటే విప్పాలి కాబట్టి లేసులు గంటసేపు కట్టుకునే బూట్లు ఆ రోజుకి వద్దు. ఒక పెద్ద స్కార్ఫ్ బ్యాగులో ఉంటే భుజాలకీ తలకీ నడుముకీ, సాయంత్రం ఏసీకీ, అన్నిటికీ అదే పనికొస్తుంది. ఏథెన్స్‌లో అక్రోపోలిస్ ఎక్కేవాళ్ళకి ఇంకో రూల్, హీల్స్ కుదరవు. పాలరాయి పాడవుతోందని 2009లో పురాతన కట్టడాల దగ్గర వాటిని నిషేధించారు. నిషేధం లేకపోయినా అక్కడ హీల్స్ వేసుకునే ధైర్యం నాకైతే లేదనుకోండి, వేల ఏళ్ళుగా జనం నడిచి నడిచి ఆ రాళ్ళు సబ్బు రుద్దినట్టు నున్నగా ఉంటాయి.

చలి దేశాల రూట్లు అయితే ఆలోచన మొత్తం మార్చుకోవాలి. అలస్కా వెళ్ళే చాలా ఓడలు ఆగే కెచికాన్ అనే ఊళ్ళో ఏడాదికి దాదాపు మూడున్నర మీటర్ల వాన పడుతుంది, అక్కడ ఎండ కనిపిస్తే జనం ఫోటో తీసుకుంటారేమో. అక్కడికి జీన్స్ వేసుకెళ్ళడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు, తడిస్తే బరువెక్కుతుంది, చల్లబడుతుంది, క్యాబిన్లో రెండు రోజులైనా ఆరదు. ఒంటికి అతుక్కునే సన్నటి లోపలి పొర, మధ్యలో వెచ్చటి ఫ్లీస్, పైన వానకీ గాలికీ ఆగే జాకెట్, ఇలా మూడు పొరలుంటే ఎండొస్తే ఒకటి తీసెయ్యొచ్చు, హిమానీనదం ముందు ఓడ ఆగినప్పుడు మూడూ వేసుకోవచ్చు.

అంటార్కిటికా అయితే అది ఇంకో లోకం. అక్కడికెళ్ళే చాలా కంపెనీలు మందపాటి పార్కా జాకెట్ వాళ్ళే ఇస్తారు, రబ్బరు బూట్లు అరువిస్తారు, కానీ వాటర్‌ప్రూఫ్ ప్యాంటు మాత్రం చాలాచోట్ల మనదే, అది లేకపోతే రబ్బరు పడవలోంచి మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగడం కుదరదు. టూర్ ఆపరేటర్ల నిబంధనల ప్రకారం ఒక చోట ఒకేసారి 100 మందికి మించి ఒడ్డున ఉండకూడదు, 500 మంది కంటే ఎక్కువ ప్రయాణికులున్న ఓడ నుంచి అసలు ఎవరినీ దింపరు. దిగే ముందు మన బట్టలకి ఒక పరీక్ష ఉంటుంది. జేబులు తిరగేసి, చిరచిరలాడే వెల్‌క్రో పట్టీల్లో ఇరుక్కున్న గడ్డి గింజలు, దారప్పోగులు వ్యాక్యూమ్‌తో లాగేసి, సందుల్లో ఉన్నవి పిన్నీసుతో ఏరిపారేయాలి. బయటి విత్తనం ఒక్కటి కూడా అక్కడి నేల మీద పడకూడదని ఆ జాగ్రత్త. ఎప్పుడో పార్కులో కూర్చున్నప్పుడు అంటుకున్న గింజ ఓడ మీద బయటపడుతుంది, చిత్రంగా ఉంటుంది.

నదీ క్రూజులు, డాన్యూబ్, రైన్ లాంటివి, వీటన్నిటికంటే తేలిక. చిన్న ఓడలు, ఫార్మల్ నైట్లు ఉండవు, స్వాగతం డిన్నర్‌కీ వీడ్కోలు డిన్నర్‌కీ ఒక మంచి జత ఉంటే అయిపోతుంది. రాళ్ళు పరిచిన పాత వీధుల్లో నడక మాత్రం చాలా ఉంటుంది.

ఇక వీటన్నిటినీ పెట్టుకునే చోటు, క్యాబిన్. బాల్కనీ లేని మామూలు క్యాబిన్ సుమారు 15 చదరపు మీటర్లు, అందులో ఇద్దరు మనుషులు, ఇద్దరి బట్టలు. ఖాళీ సూట్‌కేసులు మంచం కిందకి తోసెయ్యొచ్చు, అది చాలామందికి తట్టదు, వారమంతా కాలికి తగిలించుకుంటూ ఉంటారు. గోడలు ఎక్కువగా ఇనుప రేకులే కాబట్టి అయస్కాంతం హుక్కులు నాలుగు తీసుకెళ్తే టోపీలూ తడి బట్టలూ గోడకే వేలాడదీయొచ్చు. ఇస్త్రీ పెట్టె మాత్రం తీసుకెళ్ళొద్దు, నిప్పు భయంతో దాదాపు అన్ని కంపెనీలూ దాన్ని నిషేధించాయి, ఆవిరితో ముడతలు తీసే స్టీమర్‌ని కూడా చాలావరకు ఒప్పుకోరు, స్కానింగ్‌లో దొరికితే తీసి పక్కన పెట్టి దిగేటప్పుడు ఇస్తారు. కార్నివాల్, ప్రిన్సెస్, క్యూనార్డ్ ఓడల్లో మనమే ఉతుక్కునే లాండ్రీ గదులు, అక్కడే ఇస్త్రీ చేసుకునే ఏర్పాటు ఉంటాయి, రాయల్ కరీబియన్‌లో అవి లేవు, డబ్బులిచ్చి వాళ్ళ చేత ఉతికించుకోవాల్సిందే. అందుకే ముడత పడని బట్టలు, ఒకదానికొకటి కలిసే రంగులు రెండు మూడు చూసి పెట్టుకుంటే వారానికి సగం సూట్‌కేసు సరిపోతుంది.

చివరగా ఆ సూట్‌కేసు కథ. ఓడ ఎక్కే రోజు పెద్ద బ్యాగులు పోర్టులోనే పోర్టర్లకి ఇచ్చేస్తాం, వాళ్ళు వేల బ్యాగులు సర్దుకుంటూ ఒక్కో క్యాబిన్‌కి చేర్చేసరికి సాయంత్రం, ఒక్కోసారి రాత్రి అవుతుంది. మొదటి రాత్రి డిన్నర్ క్యాజువల్‌గా ఉంచేది అందుకే. మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు, స్విమ్ సూట్ చేతి సంచీలో లేకపోతే మధ్యాహ్నం అంతా ఖాళీగా ఉన్న పూల్‌ని చూస్తూ జీన్స్‌తో కూర్చోవాలి. నేను కూర్చున్నా, నా బ్యాగు రాత్రి ఎనిమిదింటికి వచ్చింది.

దిగే ముందు రాత్రి అదే కథ రివర్స్‌లో. రాత్రి పదీ పదకొండులోపు బ్యాగులకి ట్యాగ్ తగిలించి క్యాబిన్ బయట పెట్టేయాలి, అవి మళ్ళీ కనిపించేది పొద్దున ఒడ్డు మీదే. మా బావ మహా శ్రద్ధగా అన్నీ మడిచి, బూట్లతో సహా లోపల పెట్టి, జిప్ వేసి, ట్యాగ్ కట్టి, బయట పెట్టి హాయిగా పడుకున్నాడు. పొద్దున లేచి చూసుకుంటే మిగిలింది ఒంటి మీదున్న గళ్ళ పైజామా, బాత్రూమ్ చెప్పులు. ఇమిగ్రేషన్ ఆఫీసర్ పాస్‌పోర్ట్ ఫోటో వంక ఒకసారి, పైజామా వంక ఒకసారి చూసి ఏమీ అనకుండా స్టాంప్ కొట్టాడు, బావ మాత్రం బ్యాగు దొరికేదాకా ఒక స్తంభం వెనకాలే నిలబడ్డాడు.